పక్క గడిలో శకటు

మా గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టరయ్యాడు. ద్రోణవల్లి హారికదీ ఈ ఊరే, 2011లో ఆ హోదా తెచ్చుకుంది. చదరంగం మాటొస్తే చాలు, నేను ఈ ఇద్దరి పేర్లూ చెప్పి, గొంతు సవరించుకుని నా డ్రా సంగతి ఎత్తుకుంటాను. మా ఆవిడ సరిగ్గా అప్పుడే వంటింట్లోకి లేచి పోతుంది. ఎందుకో ఇవాళ చెప్పేస్తా.

90ల్లో పోస్టుకార్డుల మీద ఆడేవాణ్ణి. పది ఎత్తులకు 30 రోజుల గడువు. కార్డు దారిలో ఉన్న రోజులు లెక్కలోకి రావు. ఏ దేశం వాడికైనా అర్థమవ్వాలని గళ్లకు అంకెలే. రాజు ముందు బంటును రెండు గళ్లు జరిపితే 5254. మా పోస్ట్‌మన్ అవి చదివి, "మట్కా నంబర్లా మాస్టారూ?" అని గుసగుసగా అడిగేవాడు.

ఆ డ్రా ఆటలో అవతలాయన రేటింగు నాకంటే 400 ఎక్కువ. ఎలో రేటింగు లెక్కన అంత తేడాతో పది ఆటలాడితే తక్కువ రేటింగు వాడికి దక్కేది మొత్తం మీద ఒక్క పాయింటు లోపే. నాకు ఒక్క ఆటలోనే అర పాయింటు!

ఎలాగంటే, అవి పండుమిరపకాయల రోజులు. భోజనాల బల్ల మీద ఓ మూల నా ఆట, మిగతాదంతా తొడిమలు తీయాల్సిన కాయలు. ఓ రాత్రి చూస్తే ఆయన శకటు నా రాజుకే గురి పెట్టి ఉంది. చెమటలు పట్టాయి. మూడు రోజులు ఆలోచించి రాజును మూలకు జరిపాను: 7181.

ఆయన జవాబులో శకటును కదిపాడు. ఏ గడి నుంచి కదిపానన్నాడో ఆ గడిలో నా చదరంగం బల్ల మీద శకటే లేదు! పాత కార్డులన్నీ తీసి మళ్లీ పేర్చాను. శకటు ఒక గడి పక్కకి జరిగి ఉంది. అసలు ముప్పు ఆయన గుర్రం. అది దూకితే ఒక్క దెబ్బకు రాజుకు చెక్కూ, నా మంత్రికి చావూ. అది నాకు కనబడనే లేదు. లేని శకటుకు భయపడి మూలకు పారిపోబట్టి బతికాను.

"గంప పెట్టడానికి చోటు లేకపోతే చదరంగం బల్లని కాస్త జరిపాను గదండీ. నేనేమన్నా కింద పడేశానా?" అంది ఆవిడ, కాయ తొడిమ తుంచుతూ.

చివరికి డ్రాకు ఒప్పుకుంటూ ఆయన 7181 గొప్ప ఎత్తని మెచ్చుకున్నాడు. ఆ కార్డుకు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. వారం వారం తుడిచేది ఆవిడే. తుడిచిన ప్రతిసారీ అది వేలెడు పక్కకు ఒరుగుతుంది.