తలకు గిన్నె పెట్టి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక: అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) ఎదురుగా నార్త్ బే తీరం ఉంది. పాత 20 రూపాయల నోటు వెనక కనిపించే దీపస్తంభం ఇక్కడిదే. ఈ తీరంలో సందర్శకులకు హెల్మెట్ తొడిగి, ఐదు నుంచి ఏడు మీటర్ల లోతున ఇసుక మీద నడిపిస్తారు. దీన్ని సీ వాక్ అంటారు. ఈత రానవసరం లేదు. కింది పద్యం ఈ నడకను వర్ణిస్తుంది.

తలకు గిన్నె పెట్టి ధైర్యమ్ము చేపట్టి
మెట్లు దిగును నరుడు మేను తడియ
జుట్టు తడవ దేమి చోద్యమ్ము గద చూడ
గొట్ట మొకటి ప్రాణ గురువు గాన

టీక

గిన్నె = అడుగు తెరిచి ఉండి, భుజాల మీద ఆనే హెల్మెట్. గట్టు మీద దీని బరువు సుమారు 30 కిలోలు. ఇంత బరువు మోసేవాడు మునగక నడుచునా అని శంక. హెల్మెట్‌లోని గాలి ఎన్ని లీటర్ల నీటిని పక్కకు నెడితే ఇంచుమించు అన్ని కిలోల భారం తగ్గుతుందని సమాధానం. మిగిలిన కొద్ది బరువు పాదాలను నేల మీద నిలపడానికి పనికివస్తుంది.

ఈ గిన్నెకు వంశచరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో చార్లెస్ డీన్ 1823లో పేటెంట్ పొందిన హెల్మెట్ నీటికోసం చేసినది కాదు. పొగ నిండిన ఇళ్ళలోకి వెళ్ళేవారికోసం చేసినది. తరవాత డీన్ సోదరులు దాన్నే సముద్రంలోకి దించారు. 1545లో మునిగిన మేరీ రోజ్ యుద్ధనౌక జాడ 1836లో అలా దొరికింది. అడుగు తెరిచిన హెల్మెట్‌కు ఒక దోషం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది: తల బాగా వంచితే గాలి పోయి నీరు వస్తుంది. సముద్రగర్భంలో ఎవరికీ వంగి నమస్కరించరాదు.

ధైర్యమ్ము చేపట్టి = ధైర్యాన్ని చేత పట్టుకొని. రెండు చేతులూ నిచ్చెనను పట్టుకొని ఉండగా ధైర్యాన్ని దేనితో పట్టును? ఇక్కడ ధైర్యమంటే పక్కనే దిగే గైడు చెయ్యి అని అన్వయించుకోవాలి.

మేను తడియ = మెడ దిగువ శరీరం మాత్రమే తడవగా.

జుట్టు తడవదు = గ్లాసును బోర్లించి తొట్టిలో ముంచితే లోపలి గాలి నీటిని అడ్డుకొన్నట్లే ఇక్కడా జరుగుతుంది. అయితే గ్లాసు ఒక్కటే చాలదు. ఆరు మీటర్ల లోతున పీడనం ఉపరితలం కన్నా 1.6 రెట్లు. అక్కడ ఎనిమిది పాళ్ళ గాలి ఐదు పాళ్ళకు కుంచించుకుపోతుంది. మిగతా మూడు పాళ్ళ చోటును నీరు ఆక్రమిస్తుంది. ఈ లోటు తీర్చేది తరవాతి పదం.

చూడ = చూడగా. గాజుపలక గుండా చూస్తే చేపలు దాదాపు మూడోవంతు పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి. తిరిగి వచ్చినవారు చెప్పే చేపల కొలతలను ఈ సూత్రం ప్రకారం సవరించుకోవాలి. ఎరుపు రంగును నీరు ముందుగా హరిస్తుంది. ఎర్ర చొక్కా ఫొటోలో వెలవెలబోతుంది.

గొట్టము = పైన ఉన్న పంపు నుంచి హెల్మెట్‌కు ఎడతెగక గాలి తెచ్చేది. ఆ గాలి లోటు పూరిస్తుంది. విడిచిన ఊపిరిని అంచు కింది నుంచి బుడగలుగా నెట్టేస్తుంది.

ప్రాణగురువు = ప్రాణమునకు గురువు. గురువంటే బరువైనదని కొందరి వ్యాఖ్య. అది గిన్నెకే చెల్లుతుంది, గొట్టానికి చెల్లదు.

తాత్పర్యం: గిన్నె బోర్లించుకొని గాలిగొట్టాన్ని నమ్ముకున్నవాడు సముద్రం అడుగున నడిచినా అతని జుట్టు పొడిగానే ఉంటుంది.

దోషవిచారం: పద్యంలో తల, మేను, జుట్టు ఉన్నాయి, చెవి లేదు. ఇది పెద్ద లోపం. రెండు మూడు మెట్లు దిగేసరికే మొదట మొరపెట్టేది చెవే. బయటి పీడనం కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. హెల్మెట్ కింది నుంచి చెయ్యి పోనిచ్చి, ముక్కు మూసి మెల్లగా ఊదితే గొంతు నుంచి చెవికి పోయే సన్నని నాళం తెరుచుకొని పీడనం సమమవుతుంది. ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు వల్సాల్వా పేరున ఈ ఉపాయం ప్రసిద్ధం. జలుబు ఉంటే ఆ నాళం పూడుకుపోతుంది. అలాంటివారు గట్టునే ఉండడం మేలు.

సంజ్ఞల్లో శ్లేష ఉంది. గట్టు మీద బొటనవేలు ఎత్తితే ‘భేష్’ అని అర్థం. నీటిలో ‘పైకి తీసుకుపొండి’ అని అర్థం. ఆనందం పట్టలేక బొటనవేలు ఎత్తినవాడి విహారం అక్కడితో సరి. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. పగడాలు ప్రాణులు గనుక చేతులకు ఇంతకుమించి పని పెట్టరాదు.

ఆరోహణం: పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగపట్టరాదు. పీడనం తగ్గేకొద్దీ ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. దానికి దారి ఇవ్వాలి. నీటిమట్టం దాటిన మెట్టు మీద హెల్మెట్ మళ్ళీ 30 కిలోలవుతుంది. దాన్ని ఎత్తి దించడానికి పైన మనుషులు సిద్ధంగా ఉంటారు. వారి గురించి పద్యం చెప్పలేదు. ఆటవెలదికి నాలుగే పాదాలు.