నా వీపు మీది రాతలు

నేనొక నలుపు తెలుపు ఫొటో ప్రింటును. నా ముఖాన ఉన్నది 1948 జనవరి 30 రాత్రి. ఢిల్లీలో బిర్లా హౌస్ గేటు దగ్గర, గాంధీజీ ఇక లేరని నెహ్రూ జనానికి చెబుతున్నారు. దీపం వెలుగు కళ్లలో పొడుస్తోంది, చుట్టూ చీకటి, మనుషులు మసకమసకగా ఉన్నారు. తీసినవారు ఆన్రీ కార్టియే బ్రెసాన్. ఆ రోజే ఆయన గాంధీజీని కలిసి మాట్లాడారు కూడా.

నన్ను లోకం మీదికి పంపింది మాగ్నమ్ ఫొటో ఏజెన్సీ. బ్రెసాన్, రాబర్ట్ కాపా, జార్జ్ రోజర్, 'చిమ్' అని అందరూ పిలిచే డేవిడ్ సేమోర్ మొదలైనవారు 1947లో దాన్ని పెట్టుకున్నారు. ఏజెన్సీ అనగానే దళారీ అనుకోకండి. అది సహకార సంఘం, యజమానులు ఫొటోగ్రాఫర్లే. అంతకుముందు చాలామందికి, పత్రిక పంపితే వెళ్లి తీయడం, ఫొటో మీద హక్కు ఆ పత్రికకే వదులుకోవడం మామూలు. ఇక్కడ హక్కు తీసినవాడిదే. ఒకే కథనాన్ని న్యూయార్క్‌లో ఒక పత్రికకు, పారిస్‌లో మరో పత్రికకు ఇవ్వచ్చు. వచ్చిన డబ్బులో ఏజెన్సీ వాటా పోను మిగిలింది అతనిది. ఆ ధైర్యంతోనే తన మనసుకు పట్టిన విషయం వెంట నెలల తరబడి తిరగగలిగాడు.

ఫిల్ము రాగానే కడిగి, ఫ్రేములన్నీ చిన్నచిన్నగా ఒకే కాగితం మీద కనిపించే కాంటాక్ట్ షీటు తీసి, భూతద్దంతో చూసి, పనికొచ్చే ఫ్రేముకు పెన్సిలుతో గుర్తు పెడతారు. నాలాంటి ప్రింటు పుట్టేది అప్పుడే. అందరూ నా ముఖం చూస్తారు గానీ, నాకు ప్రాణం నా వీపు. ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరున్నారు అని అన్నీ టైపు కొట్టిన చీటీ అక్కడ అంటించి ఉంటుంది. దాని పక్కన ఏజెన్సీ రబ్బరు స్టాంపు. పత్రికలవాళ్లు ఎన్ని కాలమ్‌ల వెడల్పున వేయాలో రాసిన అంకెలు, తేదీలు ఒకదాని మీద ఒకటి. చీటీ ఊడితే ఈ రాత్రి ఏ రాత్రో, ఈ దుఃఖం ఎవరిదో చెప్పలేను.

ఆ చీటీల మీది ఫొటోగ్రాఫర్ల పేర్ల వెనక ప్రాణాలున్నాయి. 1951లో బిహార్ కరువును తీసిన వెర్నర్ బిషోఫ్ 1954 మేలో పెరూ కొండల్లో ప్రమాదంలో పోయాడు. అదే నెలలో ఇండోచైనాలో మందుపాతర మీద కాలుపెట్టి కాపా, 1956లో సూయెజ్ దగ్గర కాల్పుల్లో చిమ్ పోయారు. అయినా ఏజెన్సీ నిలిచింది. కొత్తవాళ్లను సభ్యులే చూసి, ఓటేసి, ఏళ్ల తరబడి పనితీరు పరీక్షించాకే పూర్తి సభ్యత్వం ఇస్తారు. 1977లో మన ఫొటోగ్రాఫర్ రఘు రాయ్‌ని అక్కడికి ప్రతిపాదించింది బ్రెసానే.

కంప్యూటర్లొచ్చాక పత్రికల చుట్టూ మా ప్రింట్ల తిరుగుడు ఆగింది. 2010లో న్యూయార్క్ ఆఫీసులోని దాదాపు 2 లక్షల ప్రింట్లు అమ్ముడయ్యాయి. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో, హ్యారీ రాన్సమ్ సెంటర్‌కు చేరాయి. వాటితో పాటే నేనూ. అమ్మింది కాగితాన్నే, హక్కులు ఫొటోగ్రాఫర్ల దగ్గరే ఉన్నాయి. ఇక్కడికి వచ్చే పరిశోధకులు నన్ను చూసి, తిప్పి వీపు కూడా చదువుతారు.

ఇప్పుడు మీ ఫోన్లకు వచ్చే ఫొటోలు చాలావరకు వీపు లేనివి. ఏదో ఊరి పాత వరదను నిన్నటిదని నమ్మించినా అడ్డుపడే చీటీ వాటికి లేదు. ఫొటో పంచుకునే ముందు ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు అని అడగండి. తీసినవారి పేరు చెరపకండి. కష్టానికి పేరు, ఘటనకు తేదీ ఉంటేనే ఫొటో సాక్ష్యమవుతుంది.