కార్ల్స్‌రూహె ఎర్ర గౌన్ల వారికి ఒక అడ్మిన్ అర్జీ

మహారాజశ్రీ జర్మనీ సమాఖ్య రాజ్యాంగ న్యాయస్థానం న్యాయమూర్తుల వారి దివ్యసముఖమునకు,

కార్ల్స్‌రూహె వాస్తవ్యుడు, స్థానిక తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు అడ్మిన్ నమస్కరించి విన్నవించుకొనునది ఏమనగా:

తెలుగులో రాస్తున్నందుకు మన్నించాలి. మీ కోర్టు భాష జర్మన్ అని తెలుసు. కానీ జర్మన్‌లో పద్ధతి ప్రకారం ఫిర్యాదు రాసి పంపితే, అది మీ సమయాన్ని వృథా చేసే రకమని తేలినప్పుడు 2,600 యూరోల దాకా వడ్డించే అధికారం తమకు ఉంది. బహిరంగ లేఖకు ఆ భయం లేదు. పోనీ ఈమెయిల్ పంపుదామంటే మామూలు ఈమెయిల్లో వచ్చే ఫిర్యాదును మీరు ముట్టుకోరు, ఫ్యాక్స్ అయితే తీసుకుంటారు. అమెరికా నుంచి జర్మనీకి మొదటి ఇంటర్నెట్ ఈమెయిల్ వచ్చింది 1984 ఆగస్టు 3న, ఈ ఊరి యూనివర్సిటీకే! అంతకు దాదాపు వందేళ్ళ ముందు భౌతికశాస్త్రవేత్త హెర్ట్జ్ రేడియో తరంగాలను పట్టుకున్నదీ ఇక్కడే. ఆ తరంగాల మీదే 1933లో నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ 76 మార్కుల చవక రేడియోను ఇంటింటికీ దింపాడు. కాబట్టి ప్రచారం వ్యవహారంలో మన ఊరి చేతులు కూడా శుభ్రంగా లేవని మనవి.

ప్రచారం గురించి మీకు నేను చెప్పేదేముంది? నాజీల కోసం ‘యూద్ స్యూస్’ అనే విషపు సినిమా తీసిన ఫైట్ హార్లాన్ యుద్ధం అయ్యాక ఏమీ ఎరగనట్టు ప్రేమకథ తీశాడు. దాన్ని చూడొద్దని హాంబర్గ్ ప్రెస్ అధికారి ఎరిష్ ల్యూట్ 1950లో పిలుపునిస్తే, అక్కడి కోర్టు నోరు మూసుకోమంది. ఆయన మీ గడప తొక్కాడు. 1958 జనవరి 15న మీరు ఆయన పక్షాన తీర్పిచ్చారు. భావప్రకటనా స్వేచ్ఛ గురించి జర్మనీలో ఎవరు మాట్లాడినా ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెడతారు. రాజకీయ నాయకురాలు రెనాటె క్యూనాస్ట్ సంగతీ అంతే. ఆమె అనని మాటను ఆమె నోట్లో పెట్టి ఫేస్‌బుక్‌లో తిప్పారు, దానికింద బండబూతులు రాశారు. అందులో 22 వ్యాఖ్యలను చూసి, ఒక్కటీ పరువునష్టం కాదని బెర్లిన్ కోర్టు 2019లో సెలవిచ్చింది. అలా కుదరదని, మళ్ళీ తూచి చూడమని 2021 డిసెంబరులో కింది కోర్టుకు చెప్పింది మీరే.

ఇన్నాళ్ళూ ఇలా ఊరివాళ్ళ తగాదాలు తీర్చారు. 2025 జులైలో తగాదా మీ ఇంటికే వచ్చింది.

మీ బెంచిలో ఖాళీ అయ్యే ఒక కుర్చీకి సోషల్ డెమొక్రాట్లు పోట్స్‌డామ్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఫ్రౌకె బ్రోజియస్-గెర్స్‌డోర్ఫ్ పేరు పెట్టారు. ఎంపిక కమిటీ ఒప్పుకుంది. పార్లమెంటులో ఓటింగు జులై 11న. ఈలోగా నెట్‌లో మొదలైంది: ఈవిడ కాన్పు నిమిషం దాకా గర్భస్రావం చేయొచ్చంటోందట! ఆమె సభ్యురాలిగా ఉన్న ప్రభుత్వ కమిషన్ 2024 ఏప్రిల్లో చట్టబద్ధం చేయమన్నది తొలి వారాల గర్భస్రావాన్ని. దానితో కూడా విభేదించేవాళ్ళు ఉంటారు, ఉండాలి కూడా. కానీ నెట్‌లో రచ్చ చేసినవాళ్ళు విభేదించింది ఆమె అన్నదానితో కాదు. ఎంపీల మెయిల్ పెట్టెలు నిండిపోయాయి. ఓటింగుకు ముందురోజు మరొకటి వచ్చింది: ఆమె పాత థీసిస్‌లోనూ భర్త పుస్తకంలోనూ ఒకేలాంటి వాక్యాలు ఉన్నాయని. నిజమో కాదో తేల్చుకునే వ్యవధి లేదు. మర్నాడు ఓటింగు ఎత్తేశారు. అభ్యర్థులు మాట్లాడకపోవడం మీ దగ్గరి ఆచారం కాబట్టి, ఆవిడ నోరు విప్పింది ఆ తర్వాతే. ఆగస్టు 7న తప్పుకున్నారు.

ఇందులో నాకు బాగా నచ్చిన పాత్ర బాంబర్గ్ ఆర్చ్‌బిషప్. ఆయన ఆదివారం ప్రసంగంలో ఆమె మీద నిప్పులు కురిపించారు. వారం తిరక్కుండానే ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకున్నారు. నాకు తప్పుడు సమాచారం అందిందని ఆయనే ఒప్పుకున్నారు. ఒక్క ఫోన్‌కాల్! అంతమంది ఎంపీల్లో ఎందరు ఆ కాల్ చేశారో మరి.

మా వైపు అబద్ధం ఇంకోలా పనిచేసేది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు లేచింది. ఆ జులైలో హైదరాబాదు నుంచి బీదర్ వైపు వెళ్ళిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరును, వాళ్ళ బృందం పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి, జనం కొట్టి చంపారు. అదే ఏడాది జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఒక్కో ఊరు ఒక్కో పోలీసుకు అప్పగించి ఇంటింటికీ పంపారు. డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ‘ఆ మెసేజీలు నమ్మకండి, నమ్మి ఎవరి మీదా చెయ్యి చేసుకోకండి’ అని చాటింపు వేయించారు. ఆ పల్లెల్లో ప్రాణం పోలేదు.

అక్కడ జనం నమ్మారు కాబట్టి జనానికి చెబితే సరిపోయింది. బెర్లిన్‌లో జరిగింది వేరు. జర్మన్ జనం ఆ మాట నమ్మారో లేదో ఎవరూ అడగలేదు, అడిగే అవసరమూ పడలేదు. జనం నమ్మేశారని ఎంపీలు నమ్మారు, పని అయిపోయింది. ఇప్పటి ప్రచారానికి కోట్ల మందిని మార్చే ఓపిక లేదు. జనాన్ని చూసి జడిసే కొద్దిమందిని జడిపిస్తే చాలు. హైదరాబాదులోనూ అమరావతిలోనూ పార్టీల సోషల్ మీడియా విభాగాలు జీతాలిచ్చి నడిపేది ఈ వ్యాపారమే. పొద్దున ట్రెండింగ్ చేయిస్తారు, సాయంత్రం దాన్నే ప్రజాభిప్రాయమని నాయకుడికి చూపిస్తారు. అది తన డబ్బుతో పుట్టిన అభిప్రాయమని తెలిసి కూడా ఆయన ఉలిక్కిపడతాడు! నేను పైన చెప్పిన మీ తీర్పులు రెండూ ఎవరు ఏం అనొచ్చన్న దాని మీదే. విని బెదిరినవాడి సంగతి ఆ రెంటిలోనూ లేదు.

నా సంగతంటారా, గ్రూపులో ఎవరో పెట్టినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లోనే తేల్చింది. ఆ వార్త నా ఫోన్‌లో భద్రంగా ఉంది. అయినా ఎవరైనా ఏదైనా ఫార్వర్డ్ చేస్తే ‘ఎక్కడిదండీ ఇది?’ అని అడుగుతుంటాను. సగంమంది ఆ ప్రశ్నకే అలుగుతారు.

కాబట్టి తమకు నా ప్రార్థన ఒక్కటే. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నవాటిని బిగించనూ అక్కర్లేదు. బిగిస్తే ఏమవుతుందో మా దేశంలో ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ చూపించింది, 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసేదాకా. మీ పదహారు కుర్చీల్లో ఈసారి ఏది ఖాళీ అయినా, ఓటింగుకు వారం ముందు గద్వాల డప్పు దళాన్ని బెర్లిన్‌కు పిలిపించండి. పార్లమెంటు మెట్ల మీద ఒక్కటే చాటింపు వేయమనండి: ‘అయ్యా ఎంపీగార్లూ, ఓటు ఎత్తేసే ముందు ఆ మనిషికి ఒక ఫోన్ కొట్టండహో!’

ఇట్లు
తమ విధేయుడు,
గ్రూపు అడ్మిన్, కార్ల్స్‌రూహె