నిలకడ లేని కుఱ్ఱవాడు

పట్టభద్రుడైన యువకుని గుణగణములను తూచుటకు మన పెద్దలకు ఒక్కటే తూనికరాయి కలదు, అది నిలకడ. శుభకార్యమునకు పోయినను, పరామర్శకు పోయినను, కాఫీ చేతికందకమునుపే "అబ్బాయి సెటిలైనట్టేనా?" యను ప్రశ్న యెదురగును.

మాకు దూరపు చుట్టమైన యొక మెకానికల్ ఇంజనీరు ఈ తూనికలో ఏనాడును సరితూగలేదు. నాలుగేండ్లు యంత్రశాస్త్రము చదివి, యంత్రమును తాకకయే పట్టము పుచ్చుకొని, అమీర్‌పేటలో మైత్రీవనము చెంత జావా నేర్చి, అది చాలదని సీనియర్లు హెచ్చరింపగా టెస్టింగు నేర్చి, అనుభవము లేనిదే ఉద్యోగమీయమను కంపెనీలకు ఉద్యోగము లేనిదే అనుభవమెట్లు వచ్చునని చెప్పజాలక, కొంతకాలము రాత్రులయందు అమెరికావారి క్రెడిట్ కార్డు తగవులను టెలిఫోనులో తీర్చి, ఆ కొలువును ఊడగా, సర్కారు కొలువే శాశ్వతమను తండ్రి ఉపదేశమును శిరసావహించి అతడు పోటీపరీక్షల శిక్షణకై అశోక్‌నగర్ చేరెను. వీనికి నిలకడ లేదని బంధుకోటి యేకగ్రీవముగా తీర్మానించెను.

పిమ్మటి కథ వినదగినది. 2022 ఏప్రిలులో 503 కొలువులకు గ్రూప్-1 ప్రకటన వెలువడెను. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప అదియే మొదటిది. అక్టోబరు 16న మనవాడు ప్రిలిమ్స్ వ్రాసెను. ప్రశ్నపత్రము కొందఱు భాగ్యశాలురకు ముందుగనే దర్శనమిచ్చినదని తేలుటచే 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయ్యెను. జూన్ 11న మరల వ్రాసెను. అభ్యర్థుల వ్రేలిముద్రలు సేకరింపలేదని హైకోర్టు సెప్టెంబరులో దానిని గూడ కొట్టివేసెను. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటననే రద్దుపరచి, 563 కొలువులతో వేఱొకటి వెలువరించిరి. జూన్ 9న మూడవ పర్యాయము వ్రాసెను.

ఈ నడుమ పబ్లిక్ సర్వీసు కమిషను అధ్యక్షుడు మారెను, ప్రభుత్వము మారెను, తుదకు కమిషను పొట్టిపేరులోని అక్షరము సైతము మారెను. మారనివి రెండే: చిక్కడపల్లి గ్రంథాలయమున మనవాని కుర్చీ, మధ్యాహ్నము ఐదు రూపాయల భోజనమునకై అతడు నిలుచు వరుస. సర్వమును చలించుచుండగా కదలక కూర్చున్న వానికే నిలకడలేమి యంటగట్టుట మన లోకమునకు గాక మఱెవ్వరికి చేతనగును?

ఆంధ్రప్రదేశ్ సోదరులు మమ్ము చూచి నవ్వనక్కఱలేదు. 1998 డీఎస్సీలో అర్హులైనవారికి కొలువులిచ్చు దస్త్రముపై ముఖ్యమంత్రి సంతకము పడినది 2022లో! బడికి పోవలసిన యా గురువులలో పలువురు అప్పటికే పదవీవిరమణ వయస్సునకు చేరువైరి. ఓపికకు పింఛను లేదుగాని, ఉన్నచో వారికే ముందుగా చెల్లవలెను.

మనవాడు మాత్రము నాలుగవ పరీక్షకై వేచియుండలేదు. అశోక్‌నగర్‌లోనే ఒక కోచింగు కేంద్రమున క్రొత్తవారికి రాజ్యాంగము బోధించుచున్నాడు. పబ్లిక్ సర్వీసు కమిషనులను నెలకొల్పు 315వ అధికరణము వచ్చిననాడు తరగతి క్రిక్కిరిసి, వెనుక బల్లలవారు నిలుచుండి వినుచుందురట. జీతము స్వల్పమేగాని నెలనెలా వచ్చును. దానిని ఇంతవఱకు ఎవరును రద్దుపరచలేదు.