గాలిబావి ఆత్మకథ

న్యూయార్క్ నగరపు లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఒకదానినొకటి ఆనుకొని నిలిచిన రెండు అద్దె మేడల నడుమ, పైకప్పు నుండి అడుగు దాకా దిగే ఇరుకైన ఖాళీజాగాయే ఈ గాలిబావి. ప్రతి గదికీ బయటి గాలి వచ్చే కిటికీ ఉండి తీరాలని 1879 నాటి చట్టం శాసించగా, 25 అడుగుల వెడల్పూ 100 అడుగుల పొడవూ గల స్థలంలో ఒక్క అద్దెగదినైనా వదులుకోలేని యజమానులు, జేమ్స్ వేర్ అనే వాస్తుశిల్పి నమూనాను అందిపుచ్చుకొని, మేడ నడుమును ఇరువైపులా కాస్త లోపలికి నొక్కి, పక్క మేడ నొక్కుతో కలిపినా అయిదడుగులు నిండని ఈ సందును విడిచిపెట్టారు. నడుము సన్నబడిన ఆ కట్టడాలకు డంబెల్ మేడలని పేరు. కట్టుబడి గురించి ఇంతకు మించి చెప్పుకోవలసినది లేదు.

అంతస్తుకు నాలుగు కుటుంబాలు, పద్నాలుగు గదులు; వాటిలో పదింటికి ఊపిరి ఈ బావి నుండే అందాలి. అంత బరువు మోపినవారు తనకు పంచేటంత ఎండనైనా ఇవ్వలేదన్నది దీని మొదటి ఫిర్యాదు. కింది అంతస్తులలో మిట్టమధ్యాహ్నం కూడా దీపం వెలిగించక తప్పేది కాదు.

ఆ దీపాల కింద జరిగిన పనికి తనకంటే దగ్గరి సాక్షి లేదని బావి కించిత్తు గర్వంగానే చెప్పుకొంటుంది. ఇటువంటి ఇళ్ళలో చుట్టలు చుట్టడాన్ని నిషేధించిన 1884 నాటి చట్టాన్ని, కార్మికుణ్ణి పవిత్రమైన ఇంటి వాతావరణం నుండి తప్పిస్తే అతని ఆరోగ్యం ఎలా బాగుపడుతుందో బోధపడటం లేదంటూ, మరుసటి ఏడే న్యాయస్థానం కొట్టివేసింది. పొగాకు ఘాటును అన్ని అంతస్తులకూ పంచిన బావిని మాత్రం సాక్ష్యానికి ఎవరూ పిలవలేదు. తరువాత ఇటాలియన్ కుటుంబాల వంటగదుల్లోకి స్త్రీల టోపీలకు కుట్టే కృత్రిమ పూలు వచ్చాయి. బడి నుండి తిరిగివచ్చిన పిల్లలు, బడి ముఖమే ఎరుగని మూడు నాలుగేళ్ళవారు సైతం రేకులు విడదీసి, జిగురు అద్ది, కాడలకు గుచ్చేవారు; కూలి గ్రోసుకు, అంటే 144 పూలకు, కొన్ని సెంట్లు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఫ్యాక్టరీలో పెట్టరాదన్న నిబంధన ఉన్నా, తల్లి పక్కన కూర్చున్న బిడ్డ దాని లెక్కలోకి వచ్చేది కాదు. 1904లో ఏర్పడిన జాతీయ బాలకార్మిక సంఘం తరఫున లూయిస్ హైన్ ఆ పిల్లలను ఫొటో తీయడానికి రాత్రివేళ మెగ్నీషియం పొడి మండించినప్పుడు కిటికీలోంచి పడిన మెరుపును మించిన వెలుతురును ఈ గోడలు ఎన్నడూ చూడలేదు.

అయితే బావికి అన్నిటికంటే పెద్ద కడుపుమంట చెత్త గురించే. రోజంతా పని చేసినవారు చీకటి మెట్లన్నీ దిగి చెత్త పారబోయడంకంటే కిటికీ తెరిచి విసరడమే తేలిక అనుకొన్నారంటే వారిని తప్పుపట్టలేము. అడుగున ఊడ్పించడానికి మనిషిని పెట్టని యజమాని మాట వేరు. వేసవిలో కంపు పైకి లేచేసరికి, గాలి కోసం పెట్టిన కిటికీలనే జనం బిగించుకొన్నారు. ఎక్కడైనా నిప్పంటుకొంటే బావి పొగగొట్టమై మంటను పై అంతస్తులకు ఎక్కించేది, నింద మాత్రం కట్టించినవారికి కాక దానికే దక్కేది. 1900లో సంస్కర్త లారెన్స్ వీలర్ అద్దె మేడల గురించి ఏర్పాటు చేసిన ప్రదర్శనలో, 39 మేడలలో 2,781 మంది కాపురమున్న ఒక పేట అట్టనమూనాను చూసి నగరం నివ్వెరపోయింది. మరుసటి ఏడు వచ్చిన చట్టం ఇంత ఇరుకు బావులను కొత్త మేడలలో కట్టనివ్వలేదు గాని, ఉన్నవాటిని వెడల్పు చేయమనలేదు. అద్దె వస్తున్న మేడను పడగొట్టే తొందర ఎవరికీ లేకపోవడంతో అటువంటివి అనేకం మన్‌హాటన్‌లో నేటికీ నిలిచి ఉన్నాయి, వాటి నడుమ బావులు సైతం అదే వెడల్పుతో ఉన్నాయి.