కళ్లా, కాళ్లా, కల్లా?

పోయిన నెల గుడివాడ నుంచి మా మేనకోడలు వాట్సాప్‌లో ఒక ముక్క పంపింది. అమ్మకి ఫలానాది నొప్పిగా ఉందట, బెజవాడలో మంచి డాక్టరుకి చూపించు మావయ్యా అని. ఆ ఫలానాది ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. కె, ఏ, రెండు ఎల్లులు, యు. అక్కకి డెబ్బై దగ్గర పడ్డాయి, పొద్దస్తమానం ఫోన్లో సీరియళ్లు చూస్తుంది, కాబట్టి కళ్లే అనుకున్నాను. కళ్ల డాక్టరు దగ్గర టోకెన్ రాయించి బస్టాండుకి వెళ్లి నుంచున్నాను. అక్క మెట్టు మెట్టుకీ అమ్మో అయ్యో అంటూ బస్సు దిగింది. ఆటోలో తీసుకెళ్లి దింపితే బోర్డు చూసి, "ఒరేయ్, మోకాళ్లు పట్టుకుపోయి నేను చస్తుంటే కళ్లాసుపత్రికి తీసుకొచ్చావేమిట్రా?" అంది. ఇంకా నయం. ఆ అయిదు అక్షరాలకి మూడో అర్థం కూడా ఉంది. అది తీసుకుని ఉంటే అక్కని ఏ తాటితోపుకో తీసుకెళ్లేవాణ్ని.

"మా రోజుల్లో ఇంత ఘోరం లేదు" అన్నాను ఇంటికొచ్చి. ఆ మాట వినగానే మా మనవడు చెవుల్లో తెల్ల బొడిపెలు దూర్చేసుకున్నాడు. పన్నెండేళ్ల వాడు, సెలవులకి వచ్చాడు. వాడు వినడు కాబట్టి మీకు చెబుతున్నాను.

గవర్నర్‌పేటలో పదహారేళ్లు డీటీపీ చేసినవాణ్ని. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఏలూరు రోడ్డు పబ్లిషర్ల గైడ్లు, నవలలు. పేజ్‌మేకర్ తెరిచి అను ఫాంట్లు పెట్టుకుని కీబోర్డు వంక చూడకుండా తెలుగు కొట్టేవాణ్ని. తమాషా ఏమిటంటే అంత తెలుగు కొట్టినా కంప్యూటరుకి మాత్రం ఒక్క తెలుగక్షరం రాదు. ఇంగ్లీషు అక్షరానికి తెలుగు మొహం అంటించడమే ఆ ఫాంటు చేసే పని. ఫాంటు తీసేస్తే, రంగు కడుక్కున్న కూచిపూడి సత్యభామలాగా, లోపలున్న అసలు మనిషి బయటపడతాడు. ఒకసారి పెళ్లిపత్రిక ఫ్లాపీలో వేసి బందరు పంపాను. అక్కడ ఆ ఫాంటు లేదు. ప్రూఫులో పెళ్లికొడుకు పేరుండాల్సిన చోట డాలరు గుర్తు, దాని పక్కన ప్రశ్నార్థకం. ఆ కుర్రాడు అమెరికా సంబంధమే లెండి, అందుకని పెద్దగా గొడవ కాలేదు.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ వాళ్లు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు అంటూ మొదలుపెట్టారు. ఆ జాబితాలో బెజవాడ ఎందుకుంటుంది! మాకది వచ్చేసరికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక నెట్ సెంటర్ తెరిస్తే గంటకి 60 రూపాయలు పోసి వెళ్లాను. చెప్పులు బయట విడవాలి. లోపల ఏసీ ఉండేది. అది కంప్యూటర్ల కోసం, మనకి తగిలితే తగిలినట్టు. మోడెము కీచుమని అరిచి, గొంతు సవరించుకుని, బుసకొట్టి లైను కలిపేది. నెట్‌స్కేప్ కిటికీలో మూలన ఒక ఎన్ అక్షరం, దాని మీద చుక్కలు రాలుతూ ఉండేవి. చుక్కలు రాలుతున్నంతసేపు పేజీ వస్తున్నట్టు లెక్క. ఒక బొమ్మ పైనుంచి కిందికి దిగడానికి ఎంతసేపయ్యేదంటే, సినిమా తార నుదుటి బొట్టు కనపడ్డాక బయటికెళ్లి టీ తాగొస్తే అప్పటికి ముక్కుపుడక దాకా వచ్చేది. ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు. గంటకి 60 పోసినవాడు ముక్కుపుడక కూడా శ్రద్ధగా చూస్తాడు.

అసలు యాతన తెలుగుతో. పత్రికలన్నీ నెట్‌లోకి వచ్చాయి కానీ ఒక్కోదానిది ఒక్కో ఫాంటు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే తెలుగు. ఇంకో బ్రౌజర్‌లో తెరిస్తే మా పెళ్లికొడుకు గతే, అన్నీ డాలర్లూ కొక్కేలూ. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్ వచ్చింది. ఒకే కిటికీలో పది పేజీలు తెరుచుకోవచ్చని నేను దానికి దాసుణ్నయిపోయాను. కానీ పొద్దున్నే పేపరు చదవాలంటే మళ్లీ పాత ఎక్స్‌ప్లోరర్ గుమ్మం తొక్కాల్సిందే. ఆ గొడవ తీర్చినవాడు వెన్న నాగార్జున. తెలుగు వికీపీడియాకి 2003 డిసెంబరులో కొబ్బరికాయ కొట్టిన మనిషి కూడా ఆయనే. ఫైర్‌ఫాక్స్‌కి తగిలించుకోవడానికి 'పద్మ' అని ఒక పొడిగింత రాశాడు. అది ఆ వేషాల ఫాంట్లన్నిటినీ అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. అది పెట్టుకున్న రోజు, నచ్చిన వార్తలో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే, అక్కడ కూడా తెలుగుగానే నిలబడింది. పదేళ్ల పైన తెలుగు కొట్టి బతికినవాణ్ని, నోట్‌ప్యాడ్‌లో తెలుగు చూడ్డం అదే మొదలు. మా ఆవిడని పిలిచి చూపించాను. "ఆ, బానే ఉంది" అని పప్పులో తాలింపు వేయడానికి వెళ్లిపోయింది.

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. మన అక్షరాలకి 128 గళ్లు కేటాయించారు. గళ్లుంటే సరిపోయిందా? విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఇచ్చారు, కానీ సెట్టింగుల్లోకి వెళ్లి ఒక గడిలో టిక్కు పెడితే తప్ప వత్తులు కుదురుగా కూర్చోవు. క్ష అక్షరం విడాకులు తీసుకున్న మొగుడూపెళ్లాల్లా క్ ఒక పక్క, ష ఒక పక్క. గుడింతాలు చుక్కల సున్నాల మీద వేలాడేవి. టిక్కు పెడితేనేమో సీడీ పెట్టమంటుంది. నెట్ సెంటర్ కుర్రాణ్ని అడిగితే, "సీడీ ఓనరుగారింట్లో ఉందండీ" అనేవాడు. బెజవాడలో నేనెక్కిన ప్రతి నెట్ సెంటర్ సీడీ ఓనరుగారింట్లోనే ఉండేది. చివరికి నేనే ఒకటి సంచిలో వేసుకుని తిరిగేవాణ్ని. వెళ్లిన చోటల్లా ఒక కంప్యూటరుకి అక్షరాభ్యాసం చేసి వచ్చేవాణ్ని. రెండు మూడు చోట్ల తిట్లు కూడా తిన్నాను.

తర్వాత వీవెన్ గారు లేఖిని కట్టారు. పై పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే కింద పెట్టెలో తెలుగు పడుతుంది. ఆయనదే కూడలి అని ఇంకోటి. తెలుగు బ్లాగుల్లో ఎవరు కొత్తగా రాసినా అక్కడ వరసగా కనపడేది. నేనూ ఒక బ్లాగు పెట్టేశాను. మా వన్‌టౌన్ సందుల గురించీ, రైవస్ కాలవలో మేం ఈతలు కొట్టడం గురించీ, ఆవకాయలో వెల్లుల్లి వేయాలా వద్దా అనీ రాసేవాణ్ని. నా పాఠకులు పదకొండు మంది. అందులో నలుగురు నేనే, నాలుగు నెట్ సెంటర్ల నుంచి. మిగతా ఏడుగురు మాత్రం సామాన్యులు కారు. పోస్టు అనకూడదు, టపా అనాలి. కామెంటు కాదు, వ్యాఖ్య. ఫాంటు కాదు, ఖతి. 'ప్రక్క' అని రాస్తే 'పక్క' అనాలని ఒకాయన, కాదు మొదటిదే సాధువని ఇంకొకాయన, నా టపా కింద మూడు రోజులు కొట్టుకున్నారు. టపా విషయం కాకరకాయ వేపుడు. డిసెంబరులో రెండో ఆదివారం తెలుగు బ్లాగుల దినోత్సవం అని చేసుకునేవాళ్లం. ఇప్పుడా మాట ఎవరికైనా చెబితే, నేనేదో తద్దినం గురించి మాట్లాడుతున్నానన్నట్టు చూస్తున్నారు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా ఇంట్లోకి ఛాతీలోతు నీళ్లొచ్చాయి. పాత కంప్యూటరు, దాచుకున్న సీడీలు, ఆ ఎక్స్‌పీ సీడీతో సహా అన్నీ బురదలో కలిశాయి. బ్లాగు పోలేదు. అదెక్కడో ఏ దేశంలోనో పొడిగా ఉంది. పాఠకులే పోయారు, వాళ్లకి వరద రావాల్సిన పని కూడా లేకపోయింది.

బురద కడుగుతుంటే అటక మీద క్షేమంగా ఉన్న సామాన్లలో టీవీ గేమ్ క్యాసెట్ ఒకటి దొరికింది. దాని మీద తొంభై తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని రాసుంటుంది. ఉన్నవి నాలుగు. కాంట్రా, మారియో, రోడ్ ఫైటర్, బాతుల్ని కాల్చేది. మిగతావన్నీ అవే వేరే పేర్లతో. మా అబ్బాయికని కొన్నాను, రాత్రిళ్లు ఆడింది నేను. క్యాసెట్ పనిచేయకపోతే నోటితో ఊదాలి. కాంట్రాలో పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, ఆనక బి, ఏ నొక్కితే మూడు ప్రాణాలు కాస్తా ముప్ఫై అవుతాయి. ఆ మంత్రం పుస్తకంలో లేదు. మా అబ్బాయికి స్కూల్లో ఇంకో పిల్లాడు చెప్పాడు, వాడికి పామర్రు నుంచి వచ్చిన బావ చెప్పాడు. ముప్ఫై ప్రాణాలతో చివరి రాక్షసుడి దాకా వెళ్లేసరికి, రోహిణి కార్తె కదా, కరెంటు పోయేది. మళ్లీ మొదటి నుంచి. ఎన్నిసార్లు మొదటి నుంచి ఆడానో లెక్కలేదు. ఆ రాక్షసుడి మొహమూ మా వీధి లైన్‌మన్ మొహమూ నాకు కలల్లో ఒకటిగా కనిపించేవి.

మనవడు ఆడే ఆటలో వందమంది విమానంలోంచి దూకుతారు. బావుంది, కాదనను. నాకు ఒళ్లు మండేది వేరే దానికి. బొమ్మకి కొత్త చొక్కా కావాలని ఎనిమిది వందలు అడిగాడు. బొమ్మకి! ఆ డబ్బుతో బీసెంట్ రోడ్డులో బేరమాడితే మనిషికి నాలుగు చొక్కాలొస్తాయి. "తాతయ్యా, అది లెజెండరీ" అన్నాడు. రామారావు కోటు కూడా అంత ధర పలకదురా అన్నాను. ఏ రామారావు అని అడిగాడు. ఆ సంభాషణ అక్కడితో ఆగింది.

ఫోన్లో రమ్మీ సంగతి ఎత్తను. కృష్ణా జిల్లావాడికి పేకాట నీతులు చెప్పే హక్కు లేదు. 2020లో మన రాష్ట్రంలో ఆపారు, 2025లో పార్లమెంటు డబ్బులాటలన్నిటికీ కలిపి చట్టం చేసింది. మా పేటలో ఒకాయన ఇప్పుడు మళ్లీ అరుగు మీద చింతపిక్కలతో ఆడుతున్నాడు, ఆరోగ్యం కూడా కుదుటపడింది.

బ్రౌజర్ల విషయానికొస్తే, నెట్‌స్కేప్‌కి 2008 మార్చిలో నీళ్లొదిలారు. ఎక్స్‌ప్లోరర్‌ని 2022 జూన్‌లో సాగనంపారు. ఇప్పుడు పేరుకి అరడజనున్నాయి కానీ విప్పి చూస్తే చాలావాటిలో ఉన్నది క్రోమ్ ఇంజనే. ఎడ్జ్‌లోనూ అదే, ఒపేరాలోనూ అదే. మన కార్పొరేట్ కాలేజీల బ్రాంచీల్లాగా బోర్డు మీద ఊరు మారుతుంది, లోపల మెటీరియల్ ఒకటే. నేనింకా ఫైర్‌ఫాక్స్ వాడతాను. బ్యాంకు వాళ్ల సైటు అందులో సరిగ్గా తెరుచుకోకపోతే, వాళ్లకి ఫోన్ చేసి మరీ చెబుతాను. క్రోమ్‌లో ట్రై చేయండి సార్ అంటారు. అప్పుడు పేపరు కోసం ఎక్స్‌ప్లోరర్ గుమ్మం తొక్కిన రోజులు గుర్తొస్తాయి.

చెప్పొచ్చేదేమిటంటే, ఇన్ని పాట్లు పడి కంప్యూటరుకి తెలుగు నేర్పించాం. ఇవాళ ప్రతి ఫోన్లోనూ తెలుగు కీబోర్డు ఉంది. సీడీ అక్కర్లేదు, టిక్కు అక్కర్లేదు, వత్తులు బుద్ధిగా కూర్చుంటాయి. నోటితో చెప్పినా రాసిపెడుతుంది. ఇంత సిద్ధం చేసి ఆకు వేసి పిలిస్తే, మా మేనకోడలు కె, ఏ, రెండు ఎల్లులు, యు!

ఆ మాటే ఫోన్ చేసి దులిపేశాను. అది ఊరుకుందా? "మావయ్యా, నువ్వు లేఖినిలో కొట్టింది మాత్రం ఇంగ్లీషు అక్షరాలు కాదూ?" అంది. పక్క గదిలోంచి మనవడు కిసుక్కుమన్నాడు. చెవుల్లో బొడిపెలున్నా కావలసినవి వినపడతాయి.

నిజమే, ఇంగ్లీషు అక్షరాలే. కానీ అది ఆర్‌టీఎస్. అమెరికాలో హ్యూస్టన్ ఊళ్లో రైస్ యూనివర్సిటీ నుంచి కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కట్టిన పద్ధతి. దానికో వ్యాకరణం ఉంది. పెద్ద ఏ గానీ రెండు చిన్న ఏలు గానీ కొడితేనే దీర్ఘం. పెద్ద ఎల్ కొడితేనే ళ, పెద్ద ఎన్ కొడితేనే ణ. కళ్లకి ఒక స్పెల్లింగు, కాళ్లకి ఒకటి, కల్లుకి ఇంకొకటి. షిఫ్టు మీద వేలు ఎప్పుడు వేయాలో తెలియాలంటే ముందు నీకు ల ఏదో ళ ఏదో తెలియాలి. మా బ్లాగుల్లో పెద్ద ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు ళ పలకడం అలాగే నేర్చుకున్నారు. ఇదంతా మేనకోడలికి విడమర్చి చెప్పాను. "సరే మావయ్యా, ఇకనుంచి తెలుగులోనే పంపిస్తాలే" అని పెట్టేసింది.

మాట నిలబెట్టుకుంది. నిన్న సాయంత్రం మెసేజ్ వచ్చింది, చక్కటి తెలుగు అక్షరాల్లో, ళ కింద లవత్తుతో సహా: "మావయ్యా, రేపు వచ్చేటప్పుడు అమ్మకి పళ్లు తీసుకురా."

మురిసిపోయి రెండుసార్లు చదువుకున్నాను. మూడోసారి చదువుతుంటే గుర్తొచ్చింది. అక్క మొన్న మోకాళ్లకని వచ్చినప్పుడే పనిలో పనిగా కట్టుడు పళ్లకి కూడా కొలతలిచ్చి వెళ్లింది. అవి తయారయ్యాయని పొద్దునే ఆ పళ్ల డాక్టరు దగ్గర్నుంచి ఫోన్ కూడా వచ్చింది. అంతలేసి మాటలన్నాక మళ్లీ దానికి ఫోన్ చేసి ఏ పళ్లే అని ఎలా అడుగుతాను? ఇవాళ పొద్దున్నే డాక్టరు దగ్గర డబ్బా తీసుకుని, కాళేశ్వరరావు మార్కెట్లో రెండు డజన్ల అరటిపళ్లు కొనుక్కుని, రెండూ పట్టుకుని గుడివాడ బస్సెక్కాను.