ప్రతిజ్ఞ చేయుము, ఫోను ఇచ్చేయుము

మన దగ్గర ఏ సమస్యయినా బడి గడప తొక్కాలంటే ముందు దాని పేరు మీద ఎవరో ఒకరికి శాలువా కప్పాలి. డెంగీకీ అదే పద్ధతి, ప్లాస్టిక్‌కీ అదే పద్ధతి. ఇప్పుడు సైబర్ వేధింపుల వంతు వచ్చింది. పదకొండింటికి మొదలవ్వాల్సిన అవగాహన సదస్సు పన్నెండున్నరకు మొదలవుతుంది. పిల్లల్ని మాత్రం పదిన్నరకే గ్రౌండులో కూర్చోబెడతారు. షామియానా వేదిక మీదివాళ్లకే సరిపోతుంది కాబట్టి ఎండ అంతా పిల్లలకే. హలో, హలో, మైక్ టెస్టింగ్. జ్యోతి ప్రజ్వలన. గాలికి ఆరిపోతే పునః ప్రజ్వలన. ఎంఈవో గారికి శాలువా, సీఐ గారికి శాలువా, ఫ్లెక్సీ కొట్టించిన దాతకు ఇంకాస్త పెద్ద శాలువా. ఇవన్నీ అయ్యాక అసలు విషయానికి మిగిలేది పది నిమిషాలు. అందులో ఎనిమిది ఓటీపీకే పోతాయి.

బ్యాంకు ఖాతా లేని పిల్లలకు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని చెప్పడంలో మనల్ని మించినవాళ్లు లేరు. పిల్లలు బుద్ధిగా తలూపుతారు. ఇంట్లో నాన్నకు వచ్చిన ఓటీపీని రోజూ గట్టిగా చదివి వినిపించేది వాళ్లే మరి.

ఫ్లెక్సీ మీద సెక్షన్ల పట్టిక ఉంటుంది. పై వరుసలో ఐటీ చట్టం 66ఎ. దాన్ని సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న కొట్టేసింది. ఎదురుగా కూర్చున్న ఏడో తరగతి పిల్లలు అప్పటికింకా పాలసీసా వదల్లేదు. అయినా ఫ్లెక్సీ వాడిని అనాల్సిన పనిలేదు. కొట్టేసిన ఆరేళ్ల తర్వాత కూడా పోలీసులు ఆ సెక్షన్ కింద కేసులు రాస్తూనే ఉన్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టే నివ్వెరపోయింది. ఇక దీని కింద ఎవరినీ విచారించొద్దని 2022లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చనిపోయినవాళ్ల పేరున పింఛను తీసుకునే నేల మీద, చచ్చిన సెక్షన్ కింద కేసు పెట్టడం ఒక లెక్కా!

చివర్లో ప్రతిజ్ఞ. ఈ విద్యలో తెలుగువాళ్లది అందె వేసిన చేయి. దేశంలో బడిబడినా చెప్పే జాతీయ ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసింది మన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారే. కాబట్టి కుడిచేతులన్నీ ముందుకు లేస్తాయి. ‘నేను ఆన్‌లైన్‌లో ఎవరినీ వేధించను’ అంటూ బడి మొత్తం ఒక్క గొంతుతో అరుస్తుంది. చాపిన చేతుల్లో ఒకటి దారిలో ముందువాడి నెత్తిన మొట్టికాయ వేసి యథాస్థానానికి చేరుకుంటుంది. మర్నాడు జిల్లా ఎడిషన్లో మూడు కాలాల ఫొటో. అంతటితో సమస్య తీరిపోతుంది.

ఇక సదస్సులో ఎవరూ ఎత్తని సంగతి.

ఏడో తరగతి కుర్రాడొకడు స్కూలు బస్సులో నోరు తెరుచుకుని నిద్రపోయాడు. పక్కవాడు వాళ్లన్నయ్య ఫోన్‌తో ఫొటో తీశాడు. వేలితో చుట్టూ కత్తిరిస్తే స్టిక్కర్ తయారు. కింద ‘ప్రెజెంట్ సార్’ అని ఒక ముక్క. సాయంత్రానికి తరగతి వాట్సాప్ గ్రూపంతా అదే. హోంవర్క్ ఏంటని ఎవరడిగినా స్టిక్కరే జవాబు. మ్యాథ్స్ టెస్టు వాయిదా పడిందన్నా స్టిక్కరే. ఆ గ్రూపు ఉన్నది వాళ్లమ్మ ఫోన్లో. ఆవిడ చూసి, మావాడు ఎంత ముద్దుగా పడుకున్నాడో అని మురిసిపోయి పుట్టింటివాళ్ల గ్రూపులోకి ఫార్వర్డ్ చేసింది. మర్నాడు వాడు బస్సు ఎక్కనన్నాడు. కడుపునొప్పన్నాడు. డాక్టరు గారు నులిపురుగుల మందు రాశారు.

బ్రహ్మానందం గారి ముఖం స్టిక్కర్ అయితే అది ఆయన వైభవం. ఆయన ముఖం కోసం నిర్మాతలు డబ్బిచ్చారు. ఈ కుర్రాడి ముఖానికి ఎవరేమిచ్చారు? పిల్లల్ని అడిగితే ‘సరదాకి సార్’ అంటారు. అబద్ధం కాదు, నిజంగా సరదాకే. అరవైమంది సరదా ఒక్కడి మీదే పడిందన్నది లెక్కల పీరియడ్లో చెప్పని లెక్క.

స్టిక్కర్ వీటన్నిటిలో చిన్నది. ‘7-బి’ అని టీచరు పెట్టిన గ్రూపు ఒకటుంటే, ఒక్కరిని తప్పించి అందరూ ఉన్న ‘7-బి ఒరిజినల్’ ఇంకొకటి ఉంటుంది. స్కూలు పేరు తగిలించుకున్న కన్ఫెషన్ పేజీ ఉంటుంది. ఎవరు నడుపుతారో ఎవరికీ తెలియదు, తొమ్మిదో తరగతిలో ఎవరు ఎవరిని చూశారో మాత్రం అందులో అందరికీ తెలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకు పదమూడేళ్లు నిండాలని నియమం. నిండుతాయి, సందేహం లేదు. పుట్టిన సంవత్సరం గడిని ఒకసారి వేలితో గట్టిగా తోస్తే చాలు. ఇన్‌స్టా లెక్క ప్రకారం మన ఆరో తరగతి పిల్లలంతా 2000 సంవత్సరంలో పుట్టారు, అదీ జనవరి 1నే.

మరి బాధపడ్డ పిల్లలు పెద్దవాళ్లకు ఎందుకు చెప్పరు? చెబితే ఏమవుతుందో చూడండి.

“సార్, నా పేరుతో ఎవరో దొంగ అకౌంట్ పెట్టారు సార్.”

“నీకసలు ఫోనెవరిచ్చారమ్మా?”

“మా నాన్నది సార్.”

“రేపు మీ నాన్నను తీసుకురా.”

నేరం ఏదైనా మన విచారణ మొదటి ప్రశ్న దగ్గరే పూర్తవుతుంది. నాన్న వస్తాడు. సంగతి వినకముందే “పరువు తీశావు కదే” అంటాడు. ఫోను బీరువాలోకి వెళుతుంది. ట్యూషన్ బంద్. అమ్మమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి, పది అవగానే సంబంధం చూసేయమని తన తీర్పు తాను చెబుతుంది. దొంగ అకౌంట్ పెట్టినవాడు మాత్రం నిక్షేపంగా రోజుకో పోస్టు పెడుతుంటాడు. ఇదంతా చూసిన మిగతా ఆడపిల్లలు ఒక పాఠం చక్కగా నేర్చుకుంటారు: నోరు విప్పితే ఫోను పోతుంది. ఏ సదస్సూ ఇంత బాగా నేర్పలేదు.

చట్టం లేదా అంటే ఉంది. సైబర్ వేధింపులకని విడిగా ఒక సెక్షన్ లేదు గానీ ముక్కలు ముక్కలుగా బోలెడుంది. ఇంకొకరి పాస్‌వర్డ్ వాడితే 66సి. ఇంకొకరిలా నటించి మోసం చేస్తే 66డి. చాటుగా ఉన్నప్పటి దేహ చిత్రాలను అనుమతి లేకుండా తీసినా పంపినా 66ఇ, మూడేళ్ల వరకు జైలు. పిల్లల అశ్లీల చిత్రాలైతే 67బి, మొదటిసారికే ఐదేళ్ల వరకు. ‘నేను తీయలేదు, ఫార్వర్డ్ చేశానంతే’ అనేవాడికి అక్కడ మినహాయింపు లేదు. వద్దన్నా వినకుండా ఆడపిల్ల వెంట ఆన్‌లైన్‌లో పడితే భారతీయ న్యాయ సంహిత 78. పేరు దాచుకుని బెదిరిస్తే 351 కింద బెదిరింపు శిక్ష కాక అదనంగా మరో రెండేళ్ల దాకా. కన్ఫెషన్ పేజీ నడిపే అజ్ఞాత మేధావులు ఈ చివరిది ఓసారి చదువుకోవాలి. పేరు దాచుకోవడం రక్షణ అనుకుంటున్నారు. సంహిత దానికి విడిగా రేటు కట్టింది.

బస్సులో నిద్రపోయిన మన కుర్రాడు మాత్రం వీటిలో ఏ ఒక్కదాని కిందికీ సరిగ్గా రాడు. వాడినెవరూ బెదిరించలేదు, మోసగించలేదు. వాడికి కావాల్సింది సెక్షన్ కాదు, తరగతిలో నిలబడి “అది ఇప్పుడే తీసేయండ్రా” అనే టీచరు. బడుల్లో వేధింపులను అరికట్టే కమిటీలు పెట్టమని సీబీఎస్ఈ 2015లోనే సర్క్యులర్ పంపింది. కమిటీ ఉంటుంది. నోటీసు బోర్డులో, గాజు తలుపు వెనకాల, సభ్యుల పేర్లతో సహా ఉంటుంది. అందులో ఇద్దరు బదిలీ అయ్యారు, ఒకరు రిటైరయ్యారు.

నిందితుడూ పిల్లాడే అయినప్పుడు పెద్దవాళ్లు రెండు పార్టీలుగా చీలిపోతారు. ఒకరు జైల్లో వేయాలంటారు. ఇంకొకరు మగపిల్లాడు, వయసు అలాంటిది, వదిలేయాలంటారు. చట్టం ఈ రెండూ చెప్పలేదు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు వెళ్లేది 2015 నాటి బాల న్యాయ చట్టం కింద జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు. బోర్డు మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజసేవ చేయించవచ్చు. తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించవచ్చు కూడా. ఈ చివరి వాక్యాన్ని పేరెంట్స్ మీటింగ్‌లో ఒక్కసారి గట్టిగా చదివితే చాలు, ఆ రాత్రే ఊళ్లో సగం ఫోన్లకు పాస్‌వర్డులు మారిపోతాయని నా నమ్మకం. అదే చట్టంలో 74వ సెక్షన్ ఉంది. కేసులో చిక్కుకున్న పిల్లల పేరు, బడి, ఆనవాళ్లు ఏ రకంగానూ బయటపెట్టకూడదు. మన హెడ్మాస్టర్లు బోర్డు దాకా ఎందుకని ప్రేయర్‌లోనే ఇద్దరినీ స్టేజీ ఎక్కించి, పేర్లు చదివి, సారీ చెప్పిస్తారు. ఆ వీడియో ఏ గ్రూపులో తేలుతుందో చెప్పక్కర్లేదు.

ఇంతకీ పిల్లలకు ఈ విద్య ఎవరు నేర్పారు? ఇది బడి సిలబస్ కాదు. స్కూలు అధికారిక గ్రూపు ఒకసారి తెరవండి. యూనిట్ టెస్టు మార్కులు, మొదటి ర్యాంకు నుంచి చివరి ర్యాంకు దాకా, పేర్లతో. చివరి ఐదుగురికి ఎర్ర రంగు. ఫీజు కట్టనివాళ్ల జాబితా, పిల్లల పేర్లతో. దాని కింద తండ్రుల బొటనవేళ్లు. పిల్లల్ని మానసికంగా వేధించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో రాసి ఉంది. ఆ గ్రూపుకు అడ్మిన్ కరస్పాండెంటు గారు.

ఇక ఇల్లు. పగలు బ్యాంకులో ఎంతో మర్యాదగా “చెప్పండి సార్” అనే నాన్నగారు రాత్రి పదయ్యాక ఒక హీరో గారి సైన్యంలో చేరతారు. అవతలి హీరో ఇంటి ఆడవాళ్లను రోజూ చట్నీలా నంజుకుంటారు. ఎన్నికలొస్తే సైన్యం మారి పార్టీ సోషల్ మీడియా అవుతుంది. అవతలి పార్టీ నాయకురాలి ముఖాన్ని ఎవరి ఒంటికో అతికించిన బొమ్మ చూసి ఆయన పగలబడి నవ్వుతుంటే, పక్కన హోంవర్క్ చేసుకుంటున్న కొడుకు తొంగి చూసి తనూ నవ్వుతాడు. బళ్లో థియరీ, ఇంట్లో ప్రాక్టికల్స్. మార్కులు దేనికెక్కువో మన విద్యావిధానం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇలాంటివాళ్లే సభల్లో లేచి, ‘దీనికో కఠినమైన కొత్త చట్టం తేవాలి’ అంటారు. కేరళ 2020 నవంబర్‌లో పోలీసు చట్టానికి 118ఎ చేరుస్తూ ఆర్డినెన్స్ తెచ్చి, గోల మొదలయ్యాక రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. వేధింపులని పేరు పెట్టి వేసిన వల విమర్శ నోరు కూడా నొక్కేంత పెద్దదైపోయింది. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ల లోపు వారికి సోషల్ మీడియా ఖాతాలే లేకుండా చేసింది. దానికి మనవాళ్లు ఫేస్‌బుక్‌లో జేజేలు పలికారు. మన దగ్గరా 2023 డేటా రక్షణ చట్టం ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించిన అంగీకారం కావాలట. తప్పకుండా తీసుకోండి. నాన్న ఫోన్‌కు వచ్చే అంగీకారాన్ని నొక్కేది ఎవరో పైన చెప్పాను.

అన్నీ దండగమారి పనులే అనడం లేదు. తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగం బడి పిల్లల్లోనే కొందరికి శిక్షణ ఇచ్చి సైబర్ అంబాసిడర్లుగా తయారుచేసింది. శాలువాలు లేని ఆలోచన కాబట్టి దానికి పేరు తక్కువ వచ్చింది గానీ, పిల్లలు తమ గొడవ ముందు చెప్పుకునేది పిల్లలతోనే అన్న చిన్న సంగతి కనిపెట్టినవాళ్లు వాళ్లు. అలాంటివాళ్లు తరగతికిద్దరుంటే, మిగతా పని టీచరు నోటి నుంచి రావాల్సిన ఒకే మాటగా మిగులుతుంది. “నీ ఫోను తీసుకోనమ్మా, ముందు చెప్పు.”

హెడ్మాస్టరు గారూ, ఈసారి ఫ్లెక్సీ కొట్టిస్తే సెక్షన్లు తగ్గించి ఇవి వేయించండి. మెసేజీలు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి దాచాలి, ఎవరు ఎప్పుడు పంపారో కనిపించేలా. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో చేయవచ్చు. మహిళలు, పిల్లల మీద జరిగే నేరాలైతే అక్కడ పేరు చెప్పకుండా కూడా చేయవచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. డబ్బు పోతే 1930, అది మీరెలాగూ ఎనిమిది నిమిషాలు చెబుతారు.

ఇంకొక్కటి మీకోసం, ఇది పిల్లలకు చదవకపోయినా ఫర్వాలేదు. పిల్లల మీద లైంగిక వేధింపు, ఆన్‌లైన్‌లో జరిగినా సరే, తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. బడి పరువు కోసం కప్పిపుచ్చితే 21 కింద ఆరు నెలల వరకు జైలు. చేసినవాడు మీ కింద పనిచేసేవాడే అయ్యుండి, సంస్థ పెద్దగా మీరు దాచితే ఏడాది దాకా. భయపడి నోరు విప్పని పిల్లలకు ఆ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. హెడ్మాస్టర్లకు ఇవ్వలేదు.